‘పాలెం’ అని కాదు, ‘పల్లం’ అని వెతకండి: వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ మీద నా రివ్యూ

ముందు డబ్బు సంగతి. ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల పేర్లు, అవి ఎక్కడ చెక్కి ఉన్నాయో చూపించే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో పేరు వెతకడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. నాకు మాత్రం ఎనిమిది వేల ఆరు వందలు వదిలింది. ఆ తెలివితక్కువ పని గురించి తర్వాత చెబుతాను.

నేను పోస్టల్ డిపార్ట్‌మెంట్లో ముప్పై ఎనిమిదేళ్లు చేసి 2017లో సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. మాది తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లె. ఆ చుట్టుపక్కలే ఉన్న మిలిటరీ మాధవరం పేరు మీరు వినే ఉంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరది. మాది ఆ ఊరు కాదు గానీ దాని గాలి సోకిన ఊరే. మా ఇంట్లోంచి ఇద్దరు వెళ్లారు. పెదనాన్న 1940లో మద్రాస్ శాపర్స్‌లో చేరాడు. రోడ్లు వెయ్యడం, వంతెనలు కట్టడం, అవసరమైతే వాటినే పేల్చెయ్యడం శాపర్ల పని. రెండేళ్ల తర్వాత నాన్న కూడా వెళ్లి సర్వీస్ కోర్‌లో లారీ డ్రైవరయ్యాడు. నాన్న 1946లో తిరిగొచ్చాడు. పెదనాన్న రాలేదు.

రాలేదు అంటే, చనిపోయాడని మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మలయాలో (ఇప్పటి మలేసియా వైపు) ఉండగా ‘ఆచూకీ లేదు’ అని ఒక కాగితం వచ్చిందట. దాని మీద ఊళ్లో ఎవరికి తోచిన కథ వాళ్లు అల్లారు. జపాన్ వాళ్లకు దొరికిపోయాడని కొందరు, నేతాజీ సైన్యంలో చేరాడని కొందరు. అక్కడే రబ్బరు తోటలో పని చూసుకుని ఇంకో పెళ్లి చేసుకున్నాడని ఇంకొందరు. ఈ మూడో కథ మా దొడ్డమ్మ ముందు ఎవరూ చెప్పేవారు కాదు కానీ ఆవిడకు తెలుసు. పెళ్లయిన ఏడాదికే భర్త పట్టాళానికి వెళ్లాడు. 1991లో పోయేదాకా ఆవిడ బొట్టు తియ్యలేదు.

మూడు నెలలకోసారి ఆవిడకు మిలిటరీ వాళ్ల దగ్గర్నుంచి మనియార్డరు వచ్చేది. ‘ఆయన పంపుతున్నాడు’ అనేది. ఊళ్లో ఆడవాళ్లు కూడా ‘పోయినవాడు డబ్బెలా పంపుతాడమ్మా, ఉన్నాడు కాబట్టేగా’ అని వంత పాడేవారు. దొడ్డమ్మ వేలిముద్ర వేస్తే పక్కన సాక్షి సంతకం నాన్నది.

1983లో నేను పక్క ఊరి సబాఫీసులో క్లర్కుగా ఉన్నప్పుడు ఒకసారి ఆ మనియార్డరు నా చేతి మీదుగానే వెళ్లింది. కింద కూపన్ ముక్క ఉంటుంది కదా, దాని మీద ఇంగ్లీషులో రెండు మాటలు: ఫ్యామిలీ పెన్షన్. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి నాన్నను అడిగాను. నాన్న అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు. ‘నీ పని డబ్బు అందించడం. చదివి వినిపించడం కాదు’ అన్నాడు. అంతే. ఏటా మహాలయ అమావాస్యకు ‘పనుంది’ అంటూ కొవ్వూరు గోష్పాదానికి ఎందుకు వెళ్లొస్తున్నాడో నాకప్పుడు అర్థమైంది.

ఇదంతా వెబ్‌సైట్ రివ్యూలో ఎందుకయ్యా అంటారేమో. దేని కోసం వెతుకుతున్నానో తెలియకపోతే, ఆ సైటు నాకేమిచ్చిందో కూడా మీకు అర్థం కాదు. పెదనాన్న చనిపోయాడని నాకు 1983 నుంచీ తెలుసు. ఎప్పుడు పోయాడో, పేరు ఎక్కడైనా ఉందో లేదో తెలియదు. రిటైరయ్యాక ఆ పని పట్టుకున్నాను.

ఎనిమిది వేల ఆరు వందల కథ ఇక్కడే మొదలైంది. ‘మీ కుటుంబ సైనికుల చరిత్ర తెలుసుకోండి’ అని నెట్‌లో ఒక విదేశీ కంపెనీ ప్రకటన కనపడింది. పేరు చెప్పను. కార్డు మీద కట్టేశాను. ఇరవై రోజులకు ఒక పీడీఎఫ్ పంపారు. అందులో మలయా యుద్ధం గురించి ఆరు పేజీలు, ఎవరైనా ఎక్కడైనా చదువుకోగలిగినవి. చివర ‘మీరు చెప్పిన పేరుతో రికార్డు లేదు’ అని ఒక వాక్యం. ఆ వెతకడం కూడా ఈ ఉచిత సైట్లోనే వెతికారని నేను స్వయంగా దిగాక తెలిసింది. నేనిచ్చిన పేరును ఇచ్చినట్టే కొట్టి, రాకపోతే వదిలేశారు. మా డిపార్ట్‌మెంట్లో ఇంత సుళువుగా ‘అడ్రసు లేదు’ అని రాసి ఉత్తరం వెనక్కి కొడితే మెమో ఇచ్చేవారు.

ఇక సైటు. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన కామన్వెల్త్ సైనికులు సుమారు 17 లక్షల మంది పేర్లు అందులో ఉంటాయి. రెండో యుద్ధంలో పోయిన అవిభక్త భారతదేశపు సైనికులే 87 వేల మందికి పైగా. కమిషన్‌ను 1917లో రాజశాసనంతో పెట్టారు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాతో పాటు మన దేశం కూడా దాని ఖర్చులో వాటా పెడుతుంది. అంటే ఇది పరాయివాళ్ల దయ కాదు, మన డబ్బు కూడా ఉంది. మొహమాటపడకుండా వాడుకోండి.

సైటు అంతా ఇంగ్లీషే. ఇంగ్లీషు రావడం ఒకెత్తు, ఆనాటి మిలిటరీ గుమాస్తా ఇంగ్లీషు రావడం ఇంకొకెత్తు. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి. మనవాళ్లందరూ చేసే మొదటి పొరపాటు మన ఇంటిపేరును ఇంటిపేరు గడిలో కొట్టడం. నేనూ అదే చేశాను. సున్నా ఫలితాలు. చిక్కు విప్పింది నాన్న మెడల్. మా చెల్లెలి దగ్గర భీమవరంలో ఒక ఇత్తడి డబ్బాలో మూడు మెడల్స్ ఉన్నాయి. గుండ్రటివి రెండు, నక్షత్రం ఒకటి. చిన్నప్పుడు ఆ నక్షత్రాన్ని దారానికి కట్టి బొంగరంలా తిప్పేవాళ్లం. అది బర్మా స్టార్ అని మాకేం తెలుసు! గుండ్రటి వాటిలో ఒకదాని మీద సింహం రెండు తలల డ్రాగన్ను తొక్కుతూ ఉంటుంది, అది వార్ మెడల్. రెండోదాని మీద ఇండియా మ్యాపు ఉంటుంది. ఈ బొమ్మల కంటే ముఖ్యమైంది పక్క అంచు. రూపాయి బిళ్ల అంచులాంటి ఆ సన్నటి చోట నంబరు, హోదా, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. బ్రిటిష్ సైనికుల యుద్ధ మెడల్స్ మీద పేర్లు వెయ్యలేదు కానీ మనవాళ్లకు ఇచ్చినవాటి మీద వేశారు. మీ ఇంట్లో అలాంటి మెడల్ ఉంటే ఇప్పుడే లేచి వెళ్లి భూతద్దం పెట్టి చూడండి. ఈ రివ్యూ ఎక్కడికీ పోదు.

నాన్న మెడల్ అంచు మీద ఇంటిపేరు లేదు. ఉన్నది ఒట్టి పేరు. అదీ మేం రాసే స్పెల్లింగ్ కాదు. అప్పుడు బల్బు వెలిగింది. సైన్యంలో మనవాళ్లకు ఒకటే పేరు. ఆ ఒక్క పేరే ఇప్పుడు సైట్లో ఇంటిపేరు గడిలో కూర్చుని ఉంటుంది. రెండో గడి ఖాళీగా వదిలెయ్యాలి.

ఇక స్పెల్లింగ్. పెదనాన్న అసలు పేరు ఇక్కడ రాయను, మా వాళ్లకు ఇష్టం ఉండదు. మాటవరసకు సుబ్బారాయుడు అనుకోండి. కొత్త సిపాయిల్ని చేర్చుకునే రంగూటు డిపోలో బెంచీ వెనక కూర్చున్న గుమాస్తా తెలుగువాడు అయ్యుండడు. ఇతను ‘సుబ్బారాయుడండి’ అంటాడు. ఆయన తన చెవికి ఏం పడితే అది రాసుకుంటాడు. ముప్పై ఎనిమిదేళ్లు సార్టింగు బల్లల చుట్టూ తిరిగిన నాకు ఇది కొత్త కాదు. తాడేపల్లిగూడెం అన్న మాటనే నేను కనీసం నలభై రకాలుగా చూశాను. బిలాస్‌పూర్ నుంచి వచ్చిన కవరు మీద ‘తాడపలీ గుడాం’ అని ఉన్నా సరైన సంచీలోనే వేశాను. అదే పద్ధతి ఇక్కడా పెట్టాను. పాత డైరీలో ఒక పేజీ తీసి, ఒక ఉత్తరాదివాడు, ఒక తమిళుడు, ఒక తెల్లదొర ఈ పేరును ఎలా వింటారో ఒక్కొక్కటే రాసుకున్నాను. బకారం రెండుసార్లా ఒకసారా? ‘యు’ పెట్టారా, రెండు ‘ఓ’లు పెట్టారా? చివర ‘యుడు’నా, ‘అడు’నా, ‘ఇడు’నా? పద్నాలుగు వచ్చాయి.

సైన్యం గడిలో ఇండియన్ అనీ, యుద్ధం గడిలో రెండోదనీ పెట్టి ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయాను. పదకొండోది తగిలింది. ‘సూబరాయడు’ లాంటి పేరు ఒకటి. తెరిచి చూస్తే తండ్రి పేరు మా తాతయ్యది. అది మాత్రం చక్కగా రాశారు, చిన్న పేరు కాబట్టి. ఊరి పేరు చివర ‘పాలెం’ ఉండాల్సిన చోట ‘పల్లం’ అని ఉంది. తర్వాత వెస్ట్ గోదావరి, ఇండియా. అంతకుముందు నేను అదనపు వివరాలు అనే గడిలో ఊరి పేరు పెట్టి వెతికి, రాలేదని రెండు నెలలు ఆ పనే మానేశాను. పల్లం అని కొట్టి ఉంటే మొదటి రోజే అయిపోయేది. మీరు ఊరి పేరుతో కాకుండా ముందు జిల్లా పేరుతో వెతకండి. జిల్లాలు కూడా అప్పటివి చూసుకోవాలి. ఏలూరు జిల్లా, కోనసీమ జిల్లా అంటే ఆ సైటుకు తెలియదు. కృష్ణా జిల్లాను వాళ్లు కిస్ట్నా అంటారు, విశాఖపట్నాన్ని విజగపటం అంటారు.

దొరికిన పేజీలో పెద్దగా ఏమీ ఉండదు, ముందే చెబుతున్నాను. ఫోటో లేదు, ఎలా పోయాడో లేదు. హోదా శాపర్. ఒక నంబరు. క్వీన్ విక్టోరియాస్ ఓన్ మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్. మరణించిన తేదీ 1942 జనవరి 27. సింగపూర్ మెమోరియల్, ఫలానా నంబరు స్తంభం. పేరుతో ఒక సర్టిఫికెట్ కూడా దింపుకోవచ్చు, అదీ ఉచితమే. తెరిచి చూసినంతసేపు పట్టదు చదవడానికి. నేను మాత్రం ఆ రాత్రి ఆ పేజీ మూసి తెరిచి, మూసి తెరిచి, మా ఆవిడతో తిట్లు తిన్నాను.

తేదీ ఏం చేసిందంటే, ఊరి కథలన్నిటినీ ఒక్క దెబ్బతో కొట్టేసింది. జపాన్ సైన్యం మలయాలో కోటా బారు దగ్గర దిగింది 1941 డిసెంబరు 8న. జనవరి ఆఖరుకు మనవాళ్లు మలయా దక్షిణ కొసన ఉన్న జొహోర్ దాకా వెనక్కి తగ్గి, ఇక సింగపూర్ దీవిలోకి వెళ్లిపోవాల్సిన స్థితికి వచ్చారు. జనవరి 31న చివరివాళ్లు దాటాక, దీవిని మలయాతో కలిపే కాజ్‌వే రోడ్డును పేల్చేశారు. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. 17న ఫారర్ పార్క్‌లో సుమారు 45 వేల మంది భారతీయ సైనికుల్ని జపాన్ వాళ్లకు అప్పగించారు. ఆజాద్ హింద్ ఫౌజ్ కథ అక్కడ మొదలవుతుంది. పెదనాన్న ఆ మైదానం దాకా రానేలేదు. నేతాజీ లేడు, రబ్బరు తోట లేదు, రెండో పెళ్లి అసలే లేదు. పంచాంగం లెక్క వేయిస్తే మాఘ శుద్ధంలో పడింది. ఎనభై ఏళ్లు మహాలయ అమావాస్యతో సరిపెట్టుకున్న మనిషికి ఇప్పుడు సొంత తిథి ఉంది.

మా చెల్లెలికి ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ మూడో కథ చెప్పిన ముసలాళ్లలో ఒక్కరైనా బతికున్నారా అన్నయ్యా’ అని అడిగింది. లేరు.

ఒక హెచ్చరిక, 1914 యుద్ధంలో పోయినవాళ్ల కోసం వెతికేవాళ్లకు. ఆ యుద్ధం విషయంలో ఈ సంస్థ చరిత్ర అంత శుభ్రమైంది కాదు. 2021లో కమిషన్ తనే ఒక విచారణ నివేదిక బయటపెట్టి, క్షమాపణ చెప్పింది. ఆసియా, ఆఫ్రికా సైనికులు వేలమందిని తెల్లవాళ్లతో సమానంగా గుర్తుంచుకోలేదనీ, పేర్లే లేకుండా పోయినవాళ్లు లక్షకు పైగా ఉన్నారనీ అందులో ఒప్పుకున్నారు. ఇరాక్‌లోని బస్రా మెమోరియల్ సంగతి చూస్తే చాలు. బ్రిటిష్ సిపాయిల పేర్లు చెక్కారు. మనవాళ్లలో ఆఫీసర్ల పేర్లు మాత్రం చెక్కి, మామూలు సిపాయిల్ని ఫలానా రెజిమెంటు, ఇంతమంది అని అంకెల్లో పెట్టారు. కాబట్టి మీ ముత్తాత పేరు కనపడకపోతే ఆయన వెళ్లలేదని అనుకోకండి. పంజాబు వాళ్లకు ఒక అదృష్టం పట్టింది. లాహోర్ మ్యూజియంలో ఉన్న రిజిస్టర్లలోంచి 3 లక్షల 20 వేల మంది వివరాలు ఊళ్లవారీగా కంప్యూటర్‌కు ఎక్కుతున్నాయి. ఆ వార్త చదివినప్పుడు నాకు కుళ్లు పుట్టిన మాట నిజం.

రెండో యుద్ధం మనుషులకు ఈ సైటు ఇంకో కారణానికి కూడా ముఖ్యం. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన నేషనల్ వార్ మెమోరియల్లో ఉన్నవి స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ల పేర్లు. ఇండియా గేటు మీద ఉన్నవి మొదటి యుద్ధం, అఫ్గాన్ యుద్ధం నాటివి. మా పెదనాన్నలాంటి వాళ్లు ఆ రెంటికీ మధ్య జారిపోయారు. వాళ్ల పేర్లు కావాలంటే రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోనో, సింగపూర్‌లోనో, ఇంఫాల్, కొహిమాల్లోనో చూసుకోవాలి.

మాకు సింగపూర్ వెళ్లే దారి ఉంది, మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తోంది. 2024 జనవరి 27 శనివారం పడటంతో దానికి సెలవు. ముందు రోజు సాయంత్రం ముస్తఫా సెంటర్‌కు తీసుకెళ్లింది. మా ఆవిడ ఖర్జూరాలు, బాదంపప్పు బేరం చేస్తోంది, బేరం ఉండదని తెలిసి కూడా. బయటికొచ్చి రైలు స్టేషన్ బోర్డు చూస్తే ఫారర్ పార్క్. నేను అక్కడే నిలబడిపోయాను. 45 వేల మందిని నిలబెట్టిన చోటు ఈ చుట్టుపక్కలేనా అని అమ్మాయిని అడిగితే, ‘ఏమో నాన్నా, నేనిక్కడ చపాతీ పిండి కొంటాను’ అంది.

పొద్దున్నే సెరంగూన్ రోడ్డులో ఒక మూర బంతిపూలు కొనుక్కుని, ఆ మెమోరియల్ ఉన్న క్రాంజీ వెళ్లాం. ఎర్ర లైను మెట్రోలో క్రాంజీ స్టేషన్లో దిగితే పది నిమిషాల నడక. ఊరికి ఉత్తరాన, ఇరవై కిలోమీటర్ల పైనే ఉంటుంది. టిక్కెట్టు లేదు. అరవై దాటినవాళ్లు పొద్దున్నే వెళ్లండి, గొడుగు పట్టుకెళ్లండి. గుట్ట వాలు మీద ఉంటుంది, ఎండకు నీడ తక్కువ. సమాధుల దగ్గర గడ్డి ఎంత శుభ్రంగా ఉందంటే, చెప్పులు విప్పాలా అని అనుమానం వచ్చింది. నాలుగు వేల నాలుగు వందల పైచిలుకు సమాధులు. అందులో ఎనిమిది వందల యాభై మందికి పైగా ఎవరో తెలియనివాళ్లు.

గుట్ట పైన మెమోరియల్. విమానం రెక్కలాంటి కప్పు, మధ్యలో తోకలా పైకి లేచిన కట్టడం, కింద గోడల్లాంటి స్తంభాలు. వాటి నిండా పేర్లు, 24 వేల పైచిలుకు. సమాధి దొరకనివాళ్లందరూ అక్కడే. సైటు ఇచ్చిన స్తంభం నంబరు వల్ల పని ఐదు నిమిషాల్లో అయింది. అది లేకపోతే ఆ ఎండలో నా వయసుకు అయ్యే పని కాదు. రెజిమెంటు పేరు కింద హోదా, హోదా కింద అక్షరక్రమం. ‘సూబరాయడు’ నా తల కంటే జానెడు ఎత్తున ఉన్నాడు. చేయి చాపితే అందాడు. పైనా కిందా కూడా మద్రాసు రాష్ట్రం పేర్లే, అన్నీ నాకు చదవడం వచ్చిన తప్పులే. ఆ గుమాస్తా ఒక్కణ్నీ వదల్లేదు.

మాల వెయ్యొచ్చో లేదో తెలియక పూలు తుంచి స్తంభం మొదట్లో పెట్టాను. గడ్డి పని చేస్తున్న ఒక తమిళ కుర్రాడు చూసి, ‘సొంతక్కారరా?’ (బంధువులా?) అని అడిగాడు. అవునన్నాను. మంచినీళ్ల సీసా ఇచ్చి వెళ్లిపోయాడు. ద్వారం దగ్గర సందర్శకుల పుస్తకం ఉంటుంది. అందులో తెలుగులోనే రాశాను. పేరు, ఊరు, ‘తమ్ముడి కొడుకు’ అని. ఊరి పేరు మాత్రం నెమ్మదిగా, గుండ్రంగా, ఎవరూ పల్లం అని చదవడానికి వీల్లేకుండా రాశాను.

ఇంతవరకూ అడిగితే ఐదుకు ఐదు నక్షత్రాలు. మరి నాన్న?

నాన్న ఆ సైట్లో లేడు. ఉండడు కూడా. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా, ఆ తేదీల మధ్య పోయినవాళ్లకే అక్కడ చోటు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల పనే అది. కానీ అన్నదమ్ములిద్దరూ వెళ్లి ఒకడు తిరిగొస్తే, రానివాడికి రాతి మీద పేరు, వచ్చినవాడికి మెడల్ అంచు మీద నాలుగు మిల్లీమీటర్లు. నాన్న దిమాపూర్ నుంచి ఇంఫాల్ రోడ్డు మీద లారీ నడిపాడు. రాత్రిళ్లు హెడ్‌లైట్లు వెయ్యకూడదు. ముందు లారీ వెనక ఇరుసు మీద పూసిన తెల్ల రంగు ముద్దను చూస్తూ, పక్కన లోయ ఉందని తెలిసీ చూడకుండా నడపాలి. జపాన్ వాళ్లు తెగ్గొట్టిన ఆ రోడ్డు 1944 జూన్ 22న మళ్లీ తెరుచుకున్నాక మొదటి వారంలోనే వెళ్లానని గొప్పగా చెప్పుకునేవాడు. వచ్చాక గూడెం రైసు మిల్లు లారీ ముప్పై ఏళ్లు నడిపాడు. రాత్రి ప్రయాణంలో ముందు లారీకి మరీ దగ్గరగా పోతాడని క్లీనర్లు భయపడేవారట.

ఆయన రికార్డు కోసం ఒక ఆఫీసుకు మెడల్ మీది నంబరు రాసి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పెట్టాను. అక్నాలెడ్జ్‌మెంటు కార్డు తిరిగొచ్చింది. జవాబు ఇంకా రాలేదు. కాబట్టి నాన్నకు మేం చెయ్యగలిగింది ఇంట్లోనే చెయ్యాలి అనుకున్నాం. పెదనాన్న సర్టిఫికెట్టు, నాన్న మెడల్స్ ఒకే పటంలో పెట్టిద్దామని నేనూ చెల్లెలూ తీర్మానించాం.

ఇక్కడ చిన్న గొడవ. ఊళ్లో ఒక పటాల కొట్టువాడికి ఇచ్చాను. మంచివాడే. మరీ మంచివాడు. మెడల్స్‌ను చింతపండు పెట్టి తళతళా తోమేశాడు. తర్వాత ఎర్ర వెల్వెట్ మీద జిగురు పూసి, గట్టిగా నొక్కి, చుట్టూ బంగారు అంచు కట్టాడు. అంచు కనపడకుండా! ఎనభై ఏళ్లుగా నాన్న పేరు రాసి ఉన్న ఒకే ఒక్క చోటు జిగురులో మునిగిపోయింది. ‘ముందు బొమ్మ బాగుంది కదండీ, పక్కన ఎవరు చూస్తారు’ అన్నాడు. తప్పు అతనిది కాదు, నేను చెప్పలేదు. ఆయింట్‌మెంట్ డబ్బా మూత తీసినట్టు వారం రోజులు కిరోసిన్ దూదితో ఊడబీకాం. మీరు పటం కట్టించేటప్పుడు జిగురు వద్దని, దారంతో కుట్టమని ముందే చెప్పండి. తోమొద్దని కూడా చెప్పండి. ఇప్పుడు మా ఇంట్లో పటం లోతైన పెట్టెలా ఉంటుంది. మెడల్స్ కాస్త పక్కకు తిరిగి ఉంటాయి. వచ్చినవాళ్లు ‘వంకరగా పెట్టారేంటండీ’ అంటారు.

ఇక ఒక్క సంగతి మిగిలింది. సైట్లో పెదనాన్న వివరాల్లో తండ్రి పేరు ఉంది, ఊరు ఉంది. దొడ్డమ్మ పేరు లేదు. అదే స్తంభం మీదివాళ్ల పేర్లు సైట్లో చూస్తే కొందరికి ‘ఫలానావిడ భర్త’ అని ఉంది. తప్పులు, లోపాలు ఉంటే ఆధారాలతో రాయొచ్చు. ఆధారం నా దగ్గర ఉంది. దొడ్డమ్మ పింఛను పుస్తకం చెల్లెలు దాచింది, ప్రతి వరుసలోనూ ఆవిడ వేలిముద్ర, పక్కన నాన్న సంతకం. స్కాన్ చేశాను. మెయిల్ టైపు చేశాను. ‘పల్లం’ను ‘పాలెం’ చెయ్యమనీ, భార్య పేరు చేర్చమనీ.

చెల్లెలు రోజూ ఫోన్ చేసి పంపావా అని అడుగుతోంది. ఊరి పేరు దాకా అయితే ఎప్పుడో పంపేసేవాణ్ని. ఆ మనియార్డరు ఆయనే పంపుతున్నాడని యాభై ఏళ్లు చెప్పిన మనిషి పేరును, ఆయన పోయిన తేదీ పక్కన పెట్టమని రాయాలి. మెయిల్ డ్రాఫ్ట్‌లోనే ఉంది.